పిండశాస్త్ర పితామహుడు కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున ఒక మహనీయుని చరిత్రము వ్రాయుమని కార్యవర్గమువారు నన్నాదేశించిరి. నేను ఊరి లెక్కలు వ్రాయువాడనే కాని శాస్త్రజ్ఞుడను కాను. బడిచదువు స్వల్పము. కావ్యములును సంహితలును రాత్రివేళ దీపము ముందర కూర్చుండి కూడబలుకుకొని నేర్చినవి. అట్టివాడను జంతుశాస్త్రమున కాలు పెట్టుట సాహసమని చదువరులు తలంపవచ్చును. కాని దస్త్రము పట్టిన ప్రతివానికిని ఒక సంగతి అనుభవమున తెలియును. ఏ పద్దు ఏ ఖాతాకు చెందునో తెలియవలెనన్న చివరి మొత్తమును చూచిన చాలదు. అది ఎచ్చట మొదలయ్యెనో వెదకవలెను. జంతువుల విషయమునను ఇదియే మార్గమని చూపిన పెద్దలలో ఒకడు ఈ బేర్ పండితుడు. మీదుమిక్కిలి ఇరువదియేడు వత్సరములు ఒక గ్రంథాలయమున పుస్తకములను కాపాడినవాడు. అందుచేత ఈ సంచికయందు ఆయనకు చోటు తగునని యెంచితిని.

బాల్టిక్ సముద్రతీరమున ఎస్తోనియా యను చిన్న దేశము కలదు. నేడది స్వతంత్ర రాజ్యము. ఆనాడు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. భూస్వాములు జర్మను భాష మాటాడువారు. పొలము దున్నువారు ఎస్తోనియనులు. అట్టి జర్మను కులీనకుటుంబమున, పీప్ అను పల్లెటి భవంతిలో, 1792 ఫిబ్రవరి 28వ తేదీన కార్ల్ జన్మించెను. ఇంట సంతానము ఎక్కువ. అందుచేత పసివయసున కొన్ని యేండ్లు, బిడ్డలులేని తండ్రి సోదరుని యింట పెరిగెను. మొక్కలను సేకరించి వాని పేరులు కనుగొనుటయందు బాల్యముననే ఆసక్తి కుదిరెను. 1807లో రేవాల్ పట్టణపు పాఠశాలలోను, 1810లో డోర్పాట్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యలోను ప్రవేశించెను. ఆ పట్టణములనే నేడు తాలిన్, తార్తు అని పిలుచుచున్నారు.

1812లో నెపోలియను సైన్యము రష్యాపై దండెత్తినపుడు రీగా నగరమున గాయపడినవారికిని రోగులకును కొదువ లేకుండెను. వైద్యవిద్యార్థియైన కార్ల్ సేవచేయుటకై అచ్చటికి పోయెను. విషజ్వరము సైనికులతోపాటు ఆయనను కూడ పట్టుకొనెను. ప్రాణముతో బయటపడుటయే గొప్ప. 1814లో, ఎస్తోనియను జనులయందు వ్యాపించియుండు వ్యాధులను గూర్చి వ్యాసము వ్రాసి వైద్యపట్టము పొందెను. కాని తాను నేర్చిన వైద్యము రోగిని బ్రతికింప చాలదను శంక ఆయన మనస్సును వీడలేదు. మరల నేర్చుకొనుటకై వియన్నాకు పోయెను. అచ్చటి వైద్యశాలలందును తృప్తి కలుగలేదు. దేహము ఎట్లు కట్టబడినదో తెలియక దాని రోగమునెట్లు తీర్తుమను ప్రశ్న ఆయనను తరిమెను.

1815లో వుర్జుబుర్గు నగరమున డెల్లింగరు అను ఆచార్యుని ఆశ్రయించెను. జంతుదేహములను పోల్చి చెప్పు ఉపన్యాసములు ఆ యేడు లేవని విని శిష్యుడు నిరాశచెందెను. ఉపన్యాసములతో పనియేమి, ఏదో యొక జంతువును తెచ్చి ఇచ్చటనే కోసి చూడుమని గురువు నవ్వుచు చెప్పెను. మరునాడు కార్ల్ మందుల అంగడికి పోయి ఒక జలగను కొని తెచ్చెను. గురువు ప్రక్కన కూర్చుండి దారి చూపగా శిష్యుడు కోసి చూచెను. ఒక మహాశాస్త్రజ్ఞుని చదువు ఒక జలగతో ఆరంభమయ్యెను!

ఆనాటి పండితులను బాధించు ప్రశ్న యిది. గ్రుడ్డులో కనుగ్రుడ్డు లేదు, రెక్క లేదు, గుండె లేదు. పసుపుసొనపై ఒక తెల్లని చుక్క మాత్రమే కలదు. కోడి ఇరువదియొక్క దినము పొదిగినంతనే అందుండి సర్వాంగములు గల పిల్ల వెలువడును. ఇది యెట్లు? సూక్ష్మరూపమున పిల్ల ముందే యుండి ఉబ్బి పెద్దదగునని కొందరు వాదించిరి. లేదు, లేనిది క్రమముగా కలుగునని కొందరు వాదించిరి. గ్రీకు పండితుడు అరిస్టాటిలు నాడే దినమునకొక గ్రుడ్డు పగులగొట్టి చూచెను. 1759లో వోల్ఫ్ అను యువకుడు అవయవములు క్రొత్తగా కలుగునని సిద్ధాంతము చేసెను; ప్రేగు మొదట ఆకువంటి పలుచని పొరయై, పిదప ముడుచుకొని గొట్టమగుననియు అతడే తరువాత చూపెను. మన సుశ్రుతుడు కూడ శారీరస్థానమున, కాగుచున్న పాలపై మీగడ కట్టునట్లు గర్భమున చర్మపు పొరలు ఏర్పడునని చెప్పియున్నాడు. ఆయనకు ఈ శాస్త్రమంతయు ముందే తెలియునని నేననను; సూక్ష్మదర్శిని లేని కాలమున ఆ యుపమానము తట్టుటయే ఆశ్చర్యము.

కోడిగ్రుడ్డును గడియ గడియకును విప్పి చూడవలెనని డెల్లింగరు కోరిక. దానికి వేలకొలది గ్రుడ్లు కావలెను, వానిని వెచ్చగా నుంచు పెట్టెకు రేయింబవళ్లు కావలి కావలెను, చిత్రకారునకు జీతమీయవలెను. కార్ల్ చేతిలో అంత ధనము లేదు. పని తనకు ప్రియమైనను ఖర్చు తనకు మించినదని గ్రహించి వెనుకకు తగ్గెను. రీగా నగరపు ధనికుని కుమారుడు క్రిస్టియన్ పాండర్ అను మిత్రుడు ఆ భారమును పూనెను. అతడు రెండువేలకు పైబడి గ్రుడ్లు విప్పి చూచెనని చెప్పుదురు. 1817లో ఫలితము ప్రకటింపబడెను: పసుపుసొనపైనున్న ఆ తెల్లని చుక్క మూడు పొరలుగా విడివడుచున్నది, పిల్ల దేహమంతయు ఆ మూడు పొరలనుండియే కలుగుచున్నది. వీనినే జననస్తరములందురు.

ఆ పొరల పని నేటి శాస్త్రము చెప్పినంతవరకు సులభముగా వివరింతును. వెలుపలి పొర బహిస్త్వచము. చర్మము, ఈకలు లేక వెండ్రుకలు, గోళ్లు, మెదడు, నరములు దీనివలన కలుగును. నడిమి పొర మధ్యస్త్వచము. కండరములు, ఎముకలలో అధికభాగము, గుండె, రక్తము, మూత్రపిండములు దీనివి. లోపలి పొర అంతస్త్వచము. ప్రేగుల లోపలి పూత, కాలేయము, ఊపిరితిత్తుల లోపలి పూత దీనివి. అరటియాకును చుట్టినపుడు చదునైనది గొట్టమగునట్లు, ఈ పొరలు ముడుచుకొని గొట్టములగును. వెన్నులోని నరపు గొట్టము వెలుపలి పొర ముడుతవలన కలిగినది. మనము ఆలోచించు మెదడును, మనలను కప్పు చర్మమును ఒకే పొర బిడ్డలని వినిన మొదటిసారి నేను పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని.

1817లో బేర్ కోనిగ్స్‌బర్గు విశ్వవిద్యాలయమున ఉద్యోగము పొందెను. 1820లో ఆగస్టా ఫాన్ మేడెమ్ అను కన్యను వివాహమాడెను. బిడ్డలు ఆరుగురు. ఇప్పుడు గ్రుడ్లు కొనుటకు చేతిలో జీతము కలదు. మిత్రుడు విడిచిన చోటునుండి పని నందుకొనెను. పాండర్ కోడిపిల్లయందు చూచినదానిని బేర్ కప్ప, చేప, సరీసృపము, క్షీరదము మొదలగు వెన్నెముకగల జంతువులయందెల్ల వెదకెను. అన్నింటను అవే పొరలు, అవే ముడుతలు. వెన్నెముక పుట్టుటకు ముందు దాని స్థానమున నిలుచు పృష్ఠవంశమను మెత్తని కడ్డీని కోడిపిండమున గుర్తించినవాడును ఆయనయే. 1828లో జంతువుల అభివృద్ధి చరిత్రమను గ్రంథపు మొదటి భాగము వెలువడెను. అందు పాండరునకు చెందవలసిన యశమును లోపములేక పాండరునకే జమకట్టెను. తనకు అందక మిత్రునకు దక్కిన పని అది. అసూయకు చోటుండియు లెక్క తప్పలేదు. లెక్కలు వ్రాయువాడనగుటచే ఈ గుణము నన్ను మిక్కిలి యాకర్షించినది.

ఈ నడుమ మరియొక గొప్ప సంగతి జరిగెను. పక్షులకు గ్రుడ్డు కలదు. కుక్కకు, ఆవునకు, మనుష్యునకు ఏమి కలదు? 1672లో డచ్చి వైద్యుడు డి గ్రాఫ్ అండాశయమున బుడగలను చూచి అవియే గ్రుడ్లని యెంచెను. నిజమైన అండమును మాత్రము ఎవ్వరును చూడలేదు. 1826లో, తన పై అధికారి బుర్డాకు ఇంట పెరుగుచున్న ఒక ఆడుకుక్కను పరీక్షకు స్వీకరించి, బేర్ ఆ బుడగలో పసుపువన్నె చుక్కను చూచెను. దానిని సూక్ష్మదర్శిని క్రింద నుంచి చూచినంతనే పిడుగుపడినట్లు వెనుకకు తగ్గెను. మరల చూచుటకు కొంతసేపు ధైర్యము చాలలేదట. కనులు మోసగించుచున్నవేమో యని భయము. అది భ్రమ కాదు. 1827లో లాటిను భాషలో ఆ వార్తను ప్రకటించెను. మనుష్యుని అండము మిల్లీమీటరులో సుమారు పదవవంతు. ఇసుకరేణువంతటి ఆ బిందువునుండియే రాజును, సేవకుడును కలుగుదురు. ఇంతటి వార్తకు మొదట పండితలోకమున కలిగిన స్పందన స్వల్పము. ఆయన మనస్సు నొచ్చెను.

ఆయన గ్రంథమున ఒక ముచ్చట కలదు. సారాయములో భద్రపరచిన రెండు చిన్న పిండములపై చీటీలు అంటించుట మరచెను. కొంతకాలమునకు వానిని చూడగా, అవి బల్లివో, పక్షివో, క్షీరదమువో ఆయనకే తెలియలేదు. తల, మొండెము అన్నింటికిని ఒక్కతీరుననే యున్నవి. కాళ్లు ఇంకను మొలవలేదు. మనమైనచో చీటీ మరచినందుకు తల పట్టుకొందుము. బేర్ ఆ మరపునుండియే ఒక నియమమును దీసెను. పిండమున మొదట కలుగునవి పెద్ద తెగకంతటికిని సాధారణములైన లక్షణములు. విశేష లక్షణములు పిదప కలుగును. మొదట వెన్నెముకగల జంతువు, పిదప పక్షి, పిదప నేలకోడి జాతి, చివరకు మన పెరటికోడి. డార్విను తన గ్రంథమున ఈ ముచ్చట చెప్పుచు పొరబాటున అగాసిజ్ అను వేరొక పండితుని పేరు వేసెను. తరువాతి కూర్పులలో బేర్ పేరు వేసి దిద్దుకొనెను.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. మనుష్యపిండము మొదట పురుగై, పిదప చేపయై, పిదప బల్లియై, మెట్టు మెట్టుగా పైకెక్కి మనుష్యుడగునని ఆనాడు పెద్దపండితులే బోధించుచుండిరి. జంతువులన్నియు ఒకే నిచ్చెన మెట్లని వారి భావము. బేర్ దానిని ఖండించెను. మనుష్యపిండము ఏనాడును ఎదిగిన చేప కాదు. చేపపిండమును పోలియుండి క్రమముగా దానినుండి వేరగును. అనగా ఇది నిచ్చెన కాదు, కొమ్మలు చీలు చెట్టు. పుట్టుక చూడవలెనని నేననుట విని, పుట్టుకనుబట్టి హెచ్చుతగ్గులెంచు మన పాతబుద్ధికి ఇది ఊతమని ఎవ్వరును పొరబడరాదు. మొదటి పుట వెనుక మొదటి పుట త్రిప్పిన కొలది పోలికయే ఎక్కువగును కాని భేదము కాదు. ఈ శాస్త్రము మనకు చెప్పు నీతి యేదైన నున్నచో ఇదియే.

పని మితిమీరెను. ఒక యేడు మంచు కురియుచుండగా ఇంట ప్రవేశించిన బేర్, సూక్ష్మదర్శిని ముందర కూర్చుండి కాలమును మరచెను. ఒకనాడు ఊరి కోటగోడ దాటి నడచిపోగా పొలమున ధాన్యము వెన్ను తీసియుండెను. విత్తుట చూడలేదు, మొలక చూడలేదు, ఎదుగుట చూడలేదు. జీవుల ఎదుగుదలను చూచుటయే వృత్తిగా గలవాడు తన చుట్టునున్న ఋతువు ఎదుగుదలను చూడలేకపోయెను! నేలపై పడి దుఃఖించితినని ఆయనయే ఆత్మకథలో వ్రాసికొన్నాడు. దేహారోగ్యము చెడెను. 1834లో సోదరుని మరణముచే స్వగ్రామపు భూముల భారము మీద పడెను. ఆ యేడే కోనిగ్స్‌బర్గు విడిచి రష్యా రాజధాని సెయింట్ పీటర్సుబర్గునకు తరలిపోయెను. గ్రంథపు రెండవ భాగము పూర్తికాలేదు. ప్రచురణకర్త విసిగి 1837లో అసంపూర్ణముగనే అచ్చువేసెను. మిగిలిన పుటలు ఆయన మరణానంతరము 1888లో వెలువడినవి.

పీటర్సుబర్గు విద్యాపరిషత్తున 1835 మొదలు 1862 వరకు విదేశీగ్రంథ విభాగమునకు బేర్ అధికారిగా నుండెను. పుస్తకములను విషయములవారీగా విభజించుటకు ఒక పద్ధతి కల్పించి, ఆ క్రమమున వానిని అమర్పించెను. జంతువులకు తావులు వెదకినవాడు పుస్తకములకును తావులు వెదకెను. బీరువాలో సర్దుట చిన్నపని యని తలంచువారు ఇది గమనింతురు గాక! చోటు తప్పిన పుస్తకము ఉండియు లేనిదే.

ఆయన బల్ల ముందరనే కూర్చుండిపోలేదు. 1837లో ఉత్తరధ్రువ సముద్రమునందలి నోవయా జెమ్ల్యా దీవులకు పోయి అచ్చటి జంతువులను మొక్కలను పరిశీలించెను. 1853 మొదలు కాస్పియను సముద్రపు చేపలవేటను పరీక్షించెను. అచ్చట ఒక చేపను జాలరులు వెర్రిచేప యని పిలిచి, తినిన కీడని నమ్మి, నూనె తీయుటకు మాత్రమే వాడుచుండిరి. అది మంచి ఆహారమేయని చూపి, ఉప్పువేసి నిలువచేయుమని బేర్ సలహా చెప్పెను. నాటినుండి అది బీదసాదల భోజనమున చేరెను.

ఇక జననస్తరముల కథ ఏమయ్యెను? అది బేర్ చేతినుండి ఇతరుల చేతులకు పోయెను. 1849లో ఇంగ్లండు యువకుడు హక్స్‌లీ, జెల్లీచేప దేహము రెండే పొరలతో నిర్మింపబడినదని చూచి, ఆ రెండును వెన్నెముకగల జంతువుల పిండపు పొరలను పోలియున్నవని చెప్పెను. 1850 తరువాత రేమాకు అను యూదు పండితుడు పొరలు కణములతో ఏర్పడినవని చూపి, మూడు పొరల లెక్కను స్థిరపరచెను. రష్యా యువకుడు కొవలెవ్‌స్కీ వెన్నెముకలేని జంతువులయందు సైతము ఇవే పొరలను చూచెను. 1873లో లాంకెస్టరు పొరల లెక్కనుబట్టి జంతువులను విభజించెను.

ఆ విభజన నేటికిని మూలమున నిలిచియున్నది. స్పంజికలకు నిజమైన పొరలు లేవు. జెల్లీచేప, హైడ్రా, పగడపుజీవులు ద్విస్తరితములు. వానికి నడిమి పొర లేదు. వానపాము, నత్త, సీతాకోకచిలుక, రొయ్య, చేప, కోడి, ఆవు, మనుష్యుడు అందరును త్రిస్తరితులు. త్రిస్తరితులలో మరల చీలిక కలదు. పిండమున తొలుత ఏర్పడు రంధ్రము వానపాము, నత్త మొదలగువానికి సామాన్యముగా నోరగును. మనకు అది నోరు కాదు, నోరు పిదప వేరుగా కలుగును. ఈ రెండవ వర్గమున మనతో కూడియున్నది నక్షత్రచేప! దాని వెలుపలి రూపము చూచి పూర్వులు జెల్లీచేప ప్రక్కన కూర్చుండబెట్టిరి. పొరలు చూచినపుడు అది మన పంక్తిలోనికి వచ్చెను.

ఇచ్చటనే బేర్ జీవితమునందలి విషాదము. జంతువులన్నియు నాలుగు మూలరూపములుగా నున్నవనియు, వాని నడుమ దాటరాని హద్దులు కలవనియు ఆయన నమ్మెను. కిరణాకారము గలవన్నియు ఒకటే రూపమని ఆయన లెక్క. ఆయన చేతి పనిముట్టే ఆ హద్దులను చెరిపెను. 1866లో కొవలెవ్‌స్కీ, సముద్రపు రాళ్లకంటుకొని సంచివలె నుండు ఆసిడియను అను జీవి పసితనమున మనవలెనే పృష్ఠవంశము కలిగియుండునని చూపెను. 1867లో, బేర్ పేరనే నెలకొల్పిన బహుమానము కొవలెవ్‌స్కీకిని, ఆయన మిత్రుడు మెచ్నికోవ్‌నకును లభించెను. ఐనను 1873లో, ఎనుబదియొకటవ యేట, బేర్ ఆ ఆసిడియను సిద్ధాంతమును ఎదిర్చి వ్యాసము వ్రాసెను. డార్విను సిద్ధాంతమును కూడ పూర్తిగా అంగీకరింపలేదు. ఆసిడియను విషయమున వృద్ధుడు పొరబడెను, యువకుడు గెలిచెను. పితామహునిదైనను తప్పు పద్దు తప్పు పద్దే. కాని గెలిచినవాని చేతనున్న కొలబద్ద పాండరును ఈ వృద్ధుడును తయారుచేసినదేయని మరువరాదు.

1864లో ఆయన వైద్యపట్టము పొంది 50 వత్సరములు నిండిన సందర్భమున ఎస్తోనియా కులీనులు ఉత్సవము జరిపి ఆయన ఆత్మకథను అచ్చువేయించిరి. 1867లో తాను చదివిన డోర్పాట్ పట్టణమునకే తిరిగి వచ్చి, 1876 నవంబరు 28వ తేదీన అచ్చటనే తనువు చాలించెను. 1886లో ఆ పట్టణపు కొండపై ఆయన విగ్రహము నిలిపిరి. స్వాతంత్ర్యము తిరిగి పొందిన ఎస్తోనియా 1992లో వెలువరించిన రెండు క్రోనుల నోటుపై ఆయన ముఖము ముద్రించెను. 2011లో యూరో వచ్చువరకు ఆ నోటు జనుల చేతులలో తిరిగినది.

చదువరులారా! గ్రుడ్లు కొనుటకు డబ్బులేక వెనుదిరిగిన యువకుడు, మిత్రుని యశమును మిత్రునకే జమకట్టిన సత్యవంతుడు, చీటీ మరచుటలోనుండియు శాస్త్రమును పిండిన మేధావి ఈ బేర్. మన గ్రామమునను గ్రుడ్లు కొనలేని బాలురు కలరు. వారికి జలగను చూపి ప్రక్కన కూర్చుండు డెల్లింగరు దొరకకపోవచ్చును; కాని ఈ గ్రంథాలయపు తలుపు తెరచియున్నది. రేపు ఉదయము మీ పెరటిలో పొదుగు కోడిని చూచినపుడు దాని రెక్కలక్రింద ఆ మూడు పొరలు మౌనముగా ముడుచుకొనుచున్నవని ఒక్క క్షణము తలంపుడు. అంతయే ఈ వ్యాసమునకు ఫలము.